1918 నాటి బొంబాయి సవరను
(గార్లదిన్నెలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



కంసాలి పేరున స్మారకోపన్యాసం ఏమిటని అనంతపురంలో ఒక మిత్రుడు ఆశ్చర్యపోయాడు. కవుల పేరున పెడతారు, నాయకుల పేరున పెడతారు, కాలేజీ ప్రిన్సిపాళ్ల పేరున కూడా పెడతారు, కొలిమి ముందు కూర్చున్నవాడి పేరున ఎవరు పెట్టారు అన్నాడు. పెట్టకపోవడం మన లోటే గానీ ఆయన లోటు కాదన్నాను. తన పేరు ఎక్కడా అచ్చు వేయొద్దని ఆయన ఇంట్లో చెప్పిపోయారు. కాబట్టి ఈ పాఠంలోనూ, ఊరంతా పిలిచినట్టే, ఆయన ఆచారి గారే.

కరువు సంవత్సరాల్లో ఆయన దగ్గరికి పాత కాసులు వచ్చేవి, అమ్ముకోవడానికో, కరిగించి కూతురికి కమ్మలు చేయించడానికో. కొలిమిలో వేసే ముందు ప్రతి కాసునూ భూతద్దం కింద రెండు వైపులా చూసేవారు. బరువూ సంవత్సరమూ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. అలా చూస్తూ ఒకసారి నన్ను పిలిచి, "సార్, ఇది ఇంగ్లండు రాజు తల. వెనక గుర్రమూ వాళ్లదే. మరి ఈ 'ఐ' అక్షరం బొంబాయి గుర్తంటారే, వాళ్ల కాసు వాళ్ల ఊర్లో గుద్దుకోక బొంబాయి దాకా ఎందుకొచ్చినారు?" అని అడిగారు. ఇవాళ్టి ఉపన్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు.

ముందు ఆ కాసును, అంటే సవరనును, చూద్దాం. 2011లో వచ్చిన మన రూపాయి బిళ్లంత అడ్డకొలత, 22 మిల్లీమీటర్లు. బరువు మాత్రం ఆ బిళ్లకు రెట్టింపు పైచిలుకు, 7.988 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు బంగారం, మిగిలిన పాలు ముఖ్యంగా రాగి. అందుకే గీటురాయి మీద గీత కొంచెం ఎర్రగా పడుతుంది. తులాన్ని పదహారణాలుగా లెక్కగట్టే పాత పద్ధతిలో ఇది దాదాపు పదకొండణాల ఎత్తు. ఒక వైపు కిరీటం లేని అయిదో జార్జి తల ఎడమకు తిరిగి ఉంటుంది. ఆ బొమ్మ చెక్కినవాడు బెర్ట్రమ్ మెకెన్నల్, ఆస్ట్రేలియా శిల్పి. చుట్టూ లాటిన్‌లో రాజు బిరుదులు, చివర 'ఇండియా చక్రవర్తి' అనే మాట పొట్టి చేసి ఉంటుంది. రెండో వైపు గుర్రమెక్కి రాక్షస సర్పాన్ని చంపుతున్న సెయింట్ జార్జి. ఆ వీరుడి ఒంటి మీద సరైన బట్ట లేదు. తలకు శిరస్త్రాణం, వెనక ఎగిరే పైగుడ్డ, చేతిలో ఒక పొట్టి కత్తి. అంత పెద్ద పామును అంత పొట్టి కత్తితో ఎలా చంపుతాడో అని ఆచారి గారు నవ్వేవారు. ఆ అచ్చు చేసినవాడు బెనెడెట్టో పిస్ట్రూచీ అనే ఇటలీ దేశస్థుడు, 1817లో. ఇంగ్లండుకు గర్వకారణమైన నాణెం మీద ఒక పక్క ఆస్ట్రేలియావాడి చెయ్యి, ఇంకో పక్క ఇటలీవాడి చెయ్యి.

గుర్రం కింద నేలగా ఒక గీత ఉంటుంది. దాని దిగువన సంవత్సరం. ఆ గీత మీద, సంవత్సరానికి సరిగ్గా పైన, కొన్ని కాసుల మీద ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం కనబడుతుంది. 'ఎస్' ఉంటే సిడ్నీ, 'ఎం' అయితే మెల్‌బోర్న్, 'పి' అయితే పెర్త్, 'సి' అయితే కెనడాలోని ఒట్టావా. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1923 నుంచి 'ఎస్.ఏ.' అని దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా వచ్చింది. ఏ అక్షరమూ లేకపోతే లండన్. 'ఐ' ఉంటే బొంబాయి. మిగతా ఊళ్లలో టంకశాలలు పెట్టడానికి కారణం సులువు, అక్కడ బంగారం గనులున్నాయి. తవ్విన బంగారాన్ని లండన్ దాకా మోసే కన్నా అక్కడే గుద్దేయడం చవక.

మనకు మాత్రం గనులు లేవా? అప్పటి మన జిల్లాలోనే రామగిరి ఉండేది. 1910 ప్రాంతం నుంచి 1927 దాకా జిబుటిల్ గనిలో ఇంగ్లీషు కంపెనీ బంగారం తీసింది. పక్కనే కోలారు, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. రాయలసీమ నుంచి ఎన్ని కుటుంబాలు ఆ గనుల్లోకి దిగాయో మీకు చెప్పక్కర్లేదు. కోలారు బంగారం మాత్రం ఓడెక్కి లండన్ పోయేది. మన దేశంలో బంగారు నాణెం గుద్దాలన్న మాట 1898లో వేసిన ఫౌలర్ కమిటీ చెప్పింది. 1899లో సవరను చట్టబద్ధంగా చెల్లే డబ్బయింది, ఒక సవరనుకు 15 రూపాయలు. టంకశాల సంగతి మాత్రం లండన్ ఖజానా శాఖ నానబెట్టి నానబెట్టి, 1903 నాటికి పక్కన పడేయించింది. 1914 ఫిబ్రవరిలో చాంబర్లేన్ కమిషన్ కూడా, ఇండియాలో బంగారు నాణెం చలామణీ పెంచడం వల్ల ఆ దేశానికి మేలు లేదని తేల్చింది. ఆ కమిషన్‌లో ముప్పై ఏళ్లు పైబడిన ఒక కుర్ర ఆర్థికవేత్త ఉన్నాడు, జాన్ మేనార్డ్ కీన్స్. అంతకు ముందు సంవత్సరమే ఇండియా డబ్బు వ్యవస్థ మీద పుస్తకం రాసి, జనం చేతికి బంగారు నాణేలు ఇవ్వడం దండగ అని వాదించాడు.

ఆ నివేదిక వచ్చిన ఆరు నెలలకు యుద్ధం వచ్చింది.

యుద్ధం మొదలైన వారంలో లండన్ ఏం చేసిందో గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది. 1914 ఆగస్టు మొదటి వారంలో ఇంగ్లండు జనం బ్యాంకుల ముందు వరుసలు కట్టి బంగారం అడిగారు. బ్యాంకులు మూశారు. తెరిచేటప్పటికి పౌను నోట్లు, అర పౌను నోట్లు హడావుడిగా అచ్చొత్తి సిద్ధం చేశారు. కాగితం పట్టుకోండి, బంగారం బ్యాంకుకివ్వండి, అదే దేశభక్తి అని ప్రచారం చేశారు. జనం జేబుల్లోని సవరనులు క్రమంగా బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు నేలమాళిగలోకి చేరాయి. అక్కడి నుంచి అమెరికాకు, తుపాకి మందుకూ గోధుమకూ ధరగా. 1917 జనవరి 25న అలా వెళ్తున్న లారెంటిక్ అనే ఓడ ఐర్లండు తీరాన మైన్లు తగిలి మునిగింది. అందులో 3,211 బంగారు కడ్డీలు, 43 టన్నుల పైమాటే. యుద్ధం నడుస్తుండగానే మొదలుపెట్టి, 1924 దాకా ఏళ్ల తరబడి గజ ఈతగాళ్లను దింపి దాదాపు అన్నీ పైకి తీశారు. సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు తిరుగుతుంటే బంగారాన్ని ఓడలో పంపడం అంత జూదమన్నమాట. ఆ ఏడాదితో లండన్‌లో సవరను అచ్చు ఆగింది. మళ్లీ 1925 దాకా లేదు.

సవరను అవసరం మాత్రం ఆగలేదు. అరేబియా ఎడారిలో తుర్కుల మీద తిరగబడ్డ తెగలకు ఇంగ్లీషు సైనికాధికారి లారెన్సు లాంటివాళ్లు పంచింది సవరనులే. కాగితం ఇస్తే ఒంటెను ఎక్కేవాడు లేడు.

ఇక మన సంగతి. 1914 ఆగస్టు మొదటి నాలుగు రోజుల్లోనే ఇక్కడా ఖజానాల నుంచి బంగారం తరలిపోవడంతో, 5వ తేదీ నుంచి ప్రైవేటు వ్యక్తులకు బంగారం ఇవ్వడం ఆపేశారు. పోస్టాఫీసు పొదుపు ఖాతాల్లో డబ్బు తీసుకోవడానికి జనం ఎగబడ్డారు. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. మద్రాసు రాజధానిలో ప్రతి జిల్లాకూ ఆ కబురు చేరింది. 'ఎమ్డెన్' అంటే గట్టివాడు, గుండెలు తీసిన బంటు అనే వాడుక మన దక్షిణాదిలో అప్పుడు పుట్టిందే.

అయితే అసలు ముడి ఓడల దగ్గర పడలేదు, రూపాయి దగ్గర పడింది. యుద్ధానికి కావలసిన జనపనార, తోళ్లు, గోధుమ, పత్తి మన దేశం నుంచి కొన్నారు. మెసొపొటేమియాలో పోరాడిన మన సిపాయిల జీతాలు, మేత, మందుగుండు కూడా ఇక్కడి ఖజానా చెల్లించింది. ఇంగ్లండు ఆ బాకీ ఎలా తీర్చింది? లండన్‌లో, మన పద్దు కింద, కాగితాల రూపంలో. ఇక్కడ రైతుకు మాత్రం చేతిలో వెండి రూపాయి పడాలి. లండన్ పద్దు పుస్తకంలో అంకె చూపిస్తే పత్తి మూట ఇచ్చే రైతు గుంతకల్లు మార్కెట్లో ఎవడుంటాడు? కాబట్టి రూపాయలు గుద్దాలి, గుద్దాలంటే వెండి కావాలి. వెండి ధర పెరుగుతూ పోయి 1917లో ఔన్సు 43 పెన్నీలు తాకింది. అది మామూలు అంకె కాదు. ఆ ధర దగ్గర రూపాయిలోని వెండి విలువ రూపాయి ముఖవిలువతో సమానం. అది దాటితే రూపాయిని కరిగించి వెండిగా అమ్మినవాడికి లాభం. ప్రభుత్వానికి ఆ లెక్క మన కంసాలుల కన్నా ముందే తెలుసు. 1917 జూన్‌లో నాణేలు కరిగించడం నేరమన్నారు, దేశంలోకి వచ్చే బంగారమంతా తమకే అమ్మాలన్నారు, సెప్టెంబరులో ప్రైవేటు వ్యక్తులు వెండి దిగుమతి చేసుకోకుండా ఆపారు. నవంబరు 30న మొట్టమొదటి రూపాయి నోటు దించారు. రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. రెండున్నరకు నోటు ఏమిటో! లెక్క తెలియనివాడిని ముంచడానికే పుట్టినట్టుండే ఆ నోటు ఎన్నాళ్లో నిలవలేదు.

పల్లెలు నోటును నమ్మలేదు. చాలాచోట్ల నోటుకు వట్టం పట్టుకుని వెండి ఇచ్చేవారు. 1918 మార్చిలో ఫ్రాన్సులో జర్మన్లు ముందుకు దూకిన వార్త రాగానే నోట్లు ఇచ్చి రూపాయలు పట్టుకుపోయేవాళ్లు ఖజానాల ముందు పెరిగారు. వెండి నిల్వ అడుగంటింది. అప్పుడు అమెరికా కాంగ్రెసు ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లను కరిగించి అమ్మడానికి ఒప్పుకుంది. అందులో ఇండియాకు వచ్చింది 20 కోట్ల ఔన్సులు. అమెరికా వెండి రేవుకు చేరేదాకా ఎలా గడపాలి? దిగుమతిదారుల దగ్గర కొని పోగేసిన బంగారం ఉంది కదా. దాన్ని నాణెంగా గుద్ది వదిలితే కొంత ఊపిరి ఆడుతుంది. పదిహేనేళ్లు వద్దు వద్దన్న బొంబాయి బంగారు టంకశాలకు, వెండి ఇబ్బంది ముదురుతున్న 1917 డిసెంబరులోనే రాజుగారి ప్రకటన వెలువడి ఉంది.

సవరను అచ్చుకు ఏర్పాట్లు పూర్తయ్యేలోపు, తొందరగా, అదే బరువూ అదే నాణ్యతతో 15 రూపాయల మొహరు గుద్దారు. సవరను తోబుట్టువు అది. మీద కిరీటం పెట్టుకున్న జార్జి, వెనక పూలచుట్టు మధ్య '15 రూపాయలు, ఇండియా, 1918' అని ఇంగ్లీషులో. ఆ రాజు వస్త్రం మీద ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911 రూపాయి మీద ఆ ఏనుగు పందిలా కనబడిందని పెద్ద గోలయ్యి, మరుసటి ఏడు అచ్చు మార్చారు. మొహరులు 21 లక్షల పైచిలుకు. ఆ తర్వాత 1918 ఆగస్టు 15న బొంబాయిలో లండన్ రాజ టంకశాల శాఖ తెరిచారు. ఆ తేదీకి అప్పుడు ఏ అర్థమూ లేదు లెండి. 1919 ఏప్రిల్ దాకా ఎనిమిది నెలలు నడిచి మూతపడింది. వచ్చిన సవరనులు సుమారు 12 లక్షల 95 వేలు. నవంబరు 11న యుద్ధం ముగిసింది కాబట్టి వీటిలో యుద్ధం జరుగుతుండగా గుద్దినవి తొలి మూడు నెలలవే. ఆ తర్వాతవాటి మీద కూడా 1918 అనే వేశారు. 1919 సంవత్సరంతో బొంబాయి సవరను లేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగ కాసు.

ఈ రెండు లెక్కలు కలిపితే 34 లక్షల నాణేలు, విలువ సుమారు 5 కోట్ల 10 లక్షల రూపాయలు. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 31 కోట్ల 50 లక్షల మంది. అంటే తొంభై మందికి ఒక కాసు. ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. 1917లో ఇండియా ప్రభుత్వం యుద్ధం కోసం ఇంగ్లండుకు 'కానుక'గా ఒప్పుకున్నది 10 కోట్ల పౌన్లు, పౌనుకు 15 చొప్పున 150 కోట్ల రూపాయలు. దాన్ని తీర్చే భారం మన పన్నుల మీదా, ఊరూరా తిరిగి అమ్మిన యుద్ధ రుణాల మీదా పడింది. నూటయాభై కోట్లు పట్టుకెళ్లి, అయిదు కోట్ల బంగారం మెరుపు చూపించారు. ఆచారి గారి ప్రశ్నకు సూటి జవాబు ఇదే. బొంబాయి దాకా వచ్చింది మనకు బంగారం ఇవ్వాలని కాదు, మన చేత కాగితం పట్టించడానికి.

ఆ ఎనిమిది నెలల్లో మన సీమ ఎలా ఉంది? 1918లో రుతుపవనం ముఖం చాటేసింది. గింజల ధర ఆకాశానికెక్కింది. సెప్టెంబరులో మద్రాసు నగరంలో, చుట్టుపక్కల జిల్లాల్లో జనం గింజల అంగళ్లు లూటీ చేశారు. వెంటనే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. కరువూ జ్వరమూ కలిసి వచ్చిన ఏడు కొత్తగా మెరిసే కాసు ఎవరి కంట పడిందో, వాళ్లు దాన్ని సంతలో ఉప్పుకూ మిరపకాయకూ మారుస్తారా? పైగా సర్కారు ధర 15 రూపాయలు, బజారు ధర అంతకంటే పైన. చేతికి వచ్చిన కాసు వచ్చినట్టే కొంగున ముడిపడింది.

దీన్నే దొరలు 'దాచుకునే జబ్బు' అన్నారు. రాతల్లో, నివేదికల్లో, పార్లమెంటు చర్చల్లో ఇండియా ఒక అడుగులేని గొయ్యి, ప్రపంచపు బంగారమంతా అందులో పడి మాయమవుతుంది అని పాట. ఈ పాట కొత్తది కాదు. రోమన్ పండితుడు ప్లినీ దాదాపు 1,950 ఏళ్ల కిందట ఇదే ఏడుపు ఏడ్చాడు, ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియా పాలవుతున్నాయని. వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేలు ఆ ఏడుపుకు మన వైపు రసీదులు. వాళ్లు మిరియాలూ ముత్యాలూ సన్న బట్టలూ తీసుకుని ధర చెల్లించారు. ధర చెల్లించినవాడు అమ్మినవాణ్ణి తిట్టడం ఏ బజారు న్యాయమో నాకు అర్థం కాదు.

కీన్స్ తెలివిని శంకించేంతవాణ్ణి కాదు. దేశం మొత్తాన్ని ఒక బ్యాంకుగా ఊహించుకుంటే ఆయన చెప్పింది నిజమే. జనం మెడల్లో వేలాడే బంగారం గిరణీలు కట్టదు, కాలువలు తవ్వదు. కానీ ఆయన చూడని ఊరు గార్లదిన్నె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదృష్టముంటే. ఇప్పుడు పెనకచెర్ల దగ్గర మధ్య పెన్నా ఆనకట్ట ఉంది, తుంగభద్ర నీళ్లు వస్తున్నాయి, చీనీ తోటలు లేచాయి. 1918లో అవేవీ లేవు. ధాత కరువు చూసిన ముసలివాళ్లు అప్పటికింకా బతికే ఉన్నారు. 1876లో మొదలైన ఆ కరువులో ఏ ఆస్తి ఏమైందో వాళ్లకు తెలుసు. ఎద్దు మేత లేక చచ్చింది. పాతర్లో గింజ ఖాళీ అయ్యింది. భూమి అమ్ముదామంటే కొనేవాడు లేడు, కొనేవాడూ కరువులోనే ఉన్నాడు. బ్యాంకు ఈ ఊరికి రావడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలుంది. షావుకారి దగ్గరికి పోతే వడ్డీ చక్రం. అలాంటి చోట కాసు అంటే ఎండిపోని బావి. బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు 1914లో చేసిందేమిటి? ఆపద వచ్చిందని బంగారం లోపల పెట్టుకుని బయటివాళ్ల చేతిలో కాగితం పెట్టింది. దాన్ని రాజనీతి అన్నారు. మన ఇల్లాలు ఆపద వస్తుందని కాసు లోపల పెట్టుకుంటే జబ్బు అన్నారు. ఈ తీర్పు మీద అప్పీలు వేయడానికే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఒక మాట సరిదిద్దాలి. పెళ్లిళ్లలో కాసులపేరు కనబడగానే అందులోవన్నీ సవరనులని కొందరు కథలు చెబుతారు. చాలా పేర్లలో ఉండేవి కంసాలి అచ్చు మీద కొట్టిన పలచని లక్ష్మీ కాసులు. నిజమైన సవరను మందం వేరు, అంచున సన్నటి గాట్లు వేరు. దానికి కొక్కెం అతికిస్తే, టంకం పడిన చోట రంగు తేడా పడుతుంది. కొక్కెం తీసేసినా ఆ మచ్చ పోదు. ఆచారి గారి దగ్గర నేను చూసిన ఒక బొంబాయి సవరనుకు సరిగ్గా రాజు తల పైన అలాంటి మచ్చ ఉంది. 

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1920లో సర్కారు సవరను విలువ 10 రూపాయలన్నది. బజారు నవ్వి ఊరుకుంది, ఆ రేటు కాగితం మీదే మిగిలింది. 1927లో సవరను చెల్లుబాటు డబ్బు కాదన్నారు. కావాలంటే ఖజానాలో ఇచ్చి 13 రూపాయల 5 అణాల 4 పైలు తీసుకోమన్నారు. ఆ పైన 1929 మాంద్యం. శనక్కాయ, పత్తి ధరలు కూలిపోయాయి, శిస్తు మాత్రం కూలలేదు, అప్పు మీద వడ్డీ కూలలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణం వదిలేసింది. బంగారం ధర పైకి లేచింది. అప్పుడు మన పల్లెల కొంగుముళ్లు విడిపడ్డాయి. ఆ దశాబ్దంలో బొంబాయి రేవు నుంచి ఓడలకు ఓడలు బంగారం లండన్ వైపు పోయింది. ఎగుమతి ఆపమని కాంగ్రెసూ, మన వర్తక సంఘాలూ మొత్తుకున్నా సర్కారు ఆపలేదు. బంగారం మింగేసే గొయ్యి అన్నారే, ఆ గొయ్యిలోంచే సామ్రాజ్యపు బొక్కసానికి ఊరట దొరికింది. రైతుకు కూడా ఆ రోజున పనికొచ్చింది అదొక్కటే. అప్పుకు పొలం పోకుండా కాసులు అడ్డుపడిన ఇళ్లు సీమలో తక్కువేమీ కాదు. పద్నాలుగేళ్ల కిందట జబ్బు అన్నది ఆనాటికి మందు అయింది. ఆ సంగతి నివేదిక రాసినవాళ్లెవరూ ఒప్పుకోలేదు.

ఇంకో యుద్ధం గురించి చెప్పకపోతే ఆచారి గారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు బంగారం ఈసారి మన ప్రభుత్వమే అడిగింది. ఆడవాళ్లు గాజులూ గొలుసులూ రక్షణ నిధికి తీసి ఇచ్చారు. బంగారు బాండ్లు అమ్మారు. ఆ ఉత్సాహం చల్లారకముందే, 1963 జనవరిలో మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ ఉత్తర్వులు తెచ్చారు. కొత్త నగ 14 క్యారట్లకు మించకూడదు. మన ఆడపిల్లల మెడలో 22కు తక్కువ నిలుస్తుందా? పని ఆగిపోయింది. దేశమంతటా కంసాలులు రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆచారి గారు ఆ మూడేళ్లూ కొలిమి ఆర్పి శనక్కాయ కోతకు కూలికి పోయారు. 1966లో 14 క్యారట్ల కట్టు తీసేశారు, 1968లో మళ్లీ చట్టం చేశారు, 1990లో దాన్ని రద్దు చేశారు. ఆ చట్టం బంగారం మీద మోజును తగ్గించిందా అంటే లేదు. దొంగ రవాణాదార్లను పెంచింది, నిజాయితీగా బతికే పనివాణ్ణి పస్తు పెట్టింది. రెండు యుద్ధాల్లోనూ కుర్చీలో కూర్చున్నవాళ్లు బంగారాన్ని అంకెగా చూశారు. ఆ అంకె వెనక ఒక కొలిమీ, ఒక మెడా ఉంటాయని ఆలోచించలేదు. పరాయి సర్కారు అయినా మన సర్కారు అయినా ఈ విషయంలో నాకు పెద్ద తేడా కనబడదు.

ఇవాళ బొంబాయి సవరను సేకరణదారులకు ప్రీతి. ఏకైక సంవత్సరం, ఏకైక టంకశాల కాబట్టి. ప్రీతి ఉన్నచోట మోసం ఉంటుంది. 1950 దశకంలో బీరూట్ చుట్టుపక్కల నకిలీ సవరనులు బస్తాల కొద్దీ చేశారు, వాటిలోనూ బంగారం సరిగ్గానే ఉండేది. బంగారం ధర కన్నా సవరను ధర ఎక్కువ కాబట్టి లాభం అందులోనే. ఆ నకిలీల బెడద కూడా ఒక కారణమై 1957లో లండన్ మళ్లీ సవరను గుద్దడం మొదలుపెట్టింది. ఇంకో విశేషం. 2013లో హర్యానాలో లండన్ అనుమతితో ఒక కంపెనీ 'ఐ' గుర్తుతోనే సవరనులు చేయడం మొదలుపెట్టింది. మొదట వచ్చినవాటి మీద రెండో ఎలిజబెత్ తల. కాబట్టి 'ఐ' ఒక్కటే చూసి 1918 అనుకోకండి, రాజు తలా సంవత్సరమూ కూడా చూడండి.

చివరగా మీకు నా విన్నపం. ఈ సభలో ఉన్న ఇళ్లలో ఒకటో రెండో పాత కాసులు ఉండే ఉంటాయి. ఈ రాత్రి ఇంటికి పోయి బయటకు తీయండి. పట్టపగటి వెలుగులో చూడటం ఇంకా మంచిది. చింతపండుతోనో పటికతోనో రుద్దకండి, రుద్దితే అచ్చు అరిగి ధర పడిపోతుంది. గుర్రం కింద గీత మీద అక్షరం చూడండి, కంప్యూటర్ తూకం మీద బరువు చూడండి, 7.98 గ్రాముల దగ్గర ఉండాలి. ఎవరి పెళ్లికి వచ్చింది, ఏ కరువులో తాకట్టు పడింది, ఎలా తిరిగి వచ్చింది, అవ్వనో జేజినాయననో అడిగి ఒక కాగితం మీద రాసి కాసుతో పాటే పెట్టండి. అమ్ముకోవలసి వస్తే అమ్ముకోండి, అది అందుకే ఉంది. కరిగించే ముందు మాత్రం నాణేలు తెలిసిన ఒకరికి చూపించండి. పొలం దున్నుతుంటే భూమిలో దొరికితే సంగతి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయలు దాటిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. తెలిపినవాడికి వాటా వచ్చే దారి ఆ చట్టంలోనే ఉంది, దాచినవాడికి శిక్షా ఉంది.

ఆచారి గారి నోటు పుస్తకం ఆయన కొడుకు దగ్గర భద్రంగా ఉంది. మీరు రాసిన కాగితాలకు నకళ్లు తీసి ఆయనకు ఇస్తే, వచ్చే ఏడు ఇదే రోజుకు గార్లదిన్నె మండలపు కాసుల పట్టిక ఒకటి తయారు చేసి అచ్చు వేయిస్తామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. మీ ఇంటి కాసు వివరం అందులో ఉండేలా చూడండి.